స్వయం ఉపాధి దంపతుల వృద్ధాప్య పొదుపు: ఖాతా ఎవరి పేరున, మినహాయింపు ఎవరికి

హన్మకొండ చౌరస్తా నుంచి వరంగల్ స్టేషన్ రోడ్డు దాకా ఉన్న బట్టల దుకాణాలు, కిరాణాలు, టైలరింగ్ షాపులు, టిఫిన్ సెంటర్లలో చాలావాటిని ఆలుమగలు కలిసే నడుపుతున్నారు. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్లలోనూ, సిరిసిల్ల మరమగ్గాల షెడ్లలోనూ, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల్లో బీడీలు చుట్టే కుటుంబాల్లోనూ పని ఇద్దరిదే. అయితే ట్రేడ్ లైసెన్సు, జీఎస్టీ నమోదు, కరెంటు ఖాతా, ఆదాయపు పన్ను రిటర్ను సాధారణంగా ఒక్కరి పేరునే ఉంటాయి, ఆ ఒక్కరు ఎక్కువగా భర్తే అవుతారు. పగలంతా గల్లా దగ్గర కూర్చుని, ఉద్దెర ఖాతాలు రాసి, సరుకు లెక్క చూసే భార్య పేరున కాగితం మీద ఆదాయమంటూ ఏదీ కనిపించదు.

వృద్ధాప్యానికి పొదుపు చేసే దగ్గర ఈ తేడా పెద్ద నష్టంగా మారుతుంది, ఎందుకంటే మన దేశంలోని పింఛను, భవిష్య నిధి ఖాతాలు దేనికదే ఒక్కొక్క మనిషికి సంబంధించినవి. పీపీఎఫ్ (ప్రజా భవిష్య నిధి) ఖాతాను ఉమ్మడిగా తెరవడానికి వీలు లేదు. ఎన్‌పీఎస్‌గా పిలిచే జాతీయ పింఛను పథకంలో ప్రాన్ అనే శాశ్వత ఖాతా నంబరు ఒక్కరికే ఇస్తారు. అటల్ పెన్షన్ యోజన కూడా అంతే. భర్త పేరున ఎంత పోగైనా చట్టం దృష్టిలో అది భర్త సొమ్మే, భార్యకు దక్కేది నామినీ హోదాలోనో వారసురాలి హోదాలోనో మాత్రమే. కాబట్టి దుకాణం ఒకటే అయినా వృద్ధాప్యపు ఖాతాలు రెండు ఉండాలన్నది ఈ విషయంలో మొదట స్థిరపరచుకోవలసిన మాట. ఏ ఖాతాలో ఎవరి డబ్బు వేస్తే ఎవరికి పన్ను మినహాయింపు వస్తుందన్న ప్రశ్న ఆ తర్వాతిది.

ఉద్యోగస్తులకు ఈ బెడద చాలావరకు ఉండదు. ఈపీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి) పరిధిలోని ఉద్యోగి వేతనం నుంచి 12 శాతం కోత పడుతుంది, యజమాని అంతే జమ చేస్తాడు, ఉద్యోగి చనిపోతే జీవిత భాగస్వామికి పింఛను వచ్చే ఏర్పాటు ఆ పథకంలోనే ఉంది. దుకాణదారుకు కోసేవారూ లేరు, కలిపేవారూ లేరు. ఆ ఖాళీని ఉత్తర తెలంగాణలో చిట్టీలు, బంగారం, ప్లాట్లు నింపుతూ వచ్చాయి. వరంగల్‌లో చిట్టీల అలవాటు ఎంత బలంగా పాతుకుపోయిందో ఇక్కడి వ్యాపారులకు వేరే చెప్పనక్కర లేదు. రిజిస్టరైన చిట్టీ వ్యాపార పెట్టుబడికి నిజంగా పనికొచ్చే సాధనం, దసరా ముందు సరుకు దింపుకోవడానికి బ్యాంకు చుట్టూ తిరిగే పని తప్పిస్తుంది. కానీ 2019 సవరణ తర్వాత నిర్వాహకుని కమీషన్ 7 శాతం వరకు ఉండవచ్చు, బ్యాంకు డిపాజిట్లకున్న బీమా రక్షణ దీనికి లేదు. అన్నిటినీ మించి రెండు మూడేళ్లకు చిట్టీ ముగిసినప్పుడు చేతికొచ్చే మొత్తం మళ్లీ సరుకులోకో, పిల్ల పెళ్లికో, ఇంటి స్లాబుకో వెళ్లిపోతుంది. 60 ఏళ్ల తర్వాతి రోజుల కోసం అది ఆగి ఉండదు. ప్లాటు ఆగి ఉంటుంది కానీ నెలనెలా మందులకు డబ్బు ఇవ్వదు, అమ్మవలసిన సమయానికి గిరాకీ దొరుకుతుందన్న నమ్మకమూ లేదు.

ఇక ఖాతాల లోపలి నిబంధనల విషయానికి వస్తే, దంపతులు ముందుగా గుర్తించవలసిన తేడా పీపీఎఫ్‌కూ ఎన్‌పీఎస్‌కూ మధ్య ఉంది. పీపీఎఫ్‌లో ఒక్కొక్కరు ఏడాదికి కనీసం 500 రూపాయలు, గరిష్ఠంగా 1.5 లక్షలు వేయవచ్చు, ఈ పరిమితి భార్యకు వేరు, భర్తకు వేరు. భార్య ఖాతాలో భర్త తన సంపాదన నుంచి డబ్బు వేస్తే, పొదుపులకు మినహాయింపులుండే పాత పన్ను విధానంలో ఉన్న భర్త ఆ మొత్తాన్ని 80సీ సెక్షన్ కింద తన మినహాయింపుగా చూపుకోవచ్చు. మినహాయింపు మాత్రం అన్నీ కలిపి 1.5 లక్షలు దాటదు. అంటే ఇద్దరి ఖాతాల్లో కలిపి 3 లక్షలు వేయడం సాధ్యమే, కానీ ఒక్క భర్త రిటర్నులో తగ్గేది అందులో సగమే. మిగతా సగానికి మినహాయింపు రాకపోయినా దానిపై వచ్చే వడ్డీకి పన్ను లేదు కనుక ఆ జమ వృథా కాదు.

ఎన్‌పీఎస్‌లో ఈ వెసులుబాటు లేదు. ఖాతా ఎవరిదో వారి ఆదాయం నుంచే మినహాయింపు. భర్త డబ్బుతో భార్య ఎన్‌పీఎస్ ఖాతాను నింపవచ్చు గానీ భర్తకు దానివల్ల పన్నులో ఒక్క రూపాయి తగ్గదు. భార్యకు పన్ను పడే ఆదాయం లేకపోతే ఆమెకూ తగ్గదు. స్వయం ఉపాధిలో ఉన్నవారికి స్థూల ఆదాయంలో 20 శాతం వరకు, అది కూడా ఆ 1.5 లక్షల ఉమ్మడి పరిమితికి లోబడి మినహాయింపు ఉంది. దానికి అదనంగా 2015-16 నుంచి మరో 50 వేలు వేరుగా తీసుకోవచ్చు. 20 శాతం లెక్క కట్టేది దుకాణం అమ్మకాల మీద కాదు, రిటర్నులో చూపిన ఆదాయం మీద. దీని ప్రభావం ఒక ఉదాహరణలో తేటపడుతుంది. హన్మకొండలో ఏడాదికి 60 లక్షల అమ్మకాలున్న ఒక రెడీమేడ్ దుకాణాన్ని ఊహించుకుంటే, అందులో 40 లక్షలు ఫోన్‌పే, బ్యాంకు మార్గాల్లో, 20 లక్షలు నగదుగా వచ్చాయనుకోవాలి. అమ్మకాల్లో నిర్ణీత శాతాన్నే ఆదాయంగా చూపనిచ్చే 44ఏడీ సెక్షన్ కింద అంచనా ఆదాయం చూపితే మొదటి దానిపై 6 శాతం చొప్పున 2.4 లక్షలు, రెండో దానిపై 8 శాతం చొప్పున 1.6 లక్షలు, మొత్తం 4 లక్షలు ఆదాయమవుతుంది. అందులో 20 శాతం 80 వేలు. అదనపు 50 వేలతో కలిపినా ఎన్‌పీఎస్ మినహాయింపు 1.3 లక్షల దగ్గర ఆగిపోతుంది.

అయితే ఈ దుకాణదారుకు అసలు ఆ మినహాయింపు అవసరమే లేదు. 4 లక్షల ఆదాయానికి పాత విధానంలో రిబేటు (పన్ను మాఫీ) వల్ల, కొత్త విధానంలో 2025-26 నుంచి ప్రాథమిక పరిమితి వల్ల పన్ను సున్నా. కొత్త విధానంలో 12 లక్షల వరకు వ్యాపార ఆదాయానికి రిబేటుతో పన్ను పడదు. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల పట్టణాల్లోని చిన్న వ్యాపారుల్లో అత్యధికులు ఈ గీతకు లోపలే ఉంటారు. ఈ ఊరట మంచిదే, కానీ దానికి ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక పర్యవసానం ఉంది. ఇన్నేళ్లూ మార్చి నెలలో అకౌంటెంట్ ఫోన్ చేసి ‘80సీలో ఏమైనా వేశారా’ అని అడగడం వల్లనే చాలామంది పీపీఎఫ్‌లోనో బీమాలోనో ఎంతో కొంత వేసేవారు. పన్ను భయం పొదుపుకు కాపలాగా ఉండేది. కొత్త విధానం 2023-24 నుంచి వేరే కోరకపోతే తనంతట తానే వర్తిస్తున్నందువల్ల, అందులో 80సీ గానీ స్వంత ఎన్‌పీఎస్ జమకు మినహాయింపు గానీ లేనందువల్ల, ఆ ఫోన్‌తో ఇప్పుడు పని లేదు. పన్ను లేదు కాబట్టి పొదుపూ లేదన్న స్థితి వస్తే, ఆ లోటు బయటపడేది 20 ఏళ్ల తర్వాతే, అప్పటికి దిద్దుకునే సమయం ఉండదు.

ఆదాయం ఎక్కువున్నవారి లెక్క కూడా ఇదే దిశలో సాగుతుంది. కరీంనగర్‌లోని ఒక హార్డ్‌వేర్ డీలరుకు 16 లక్షల వ్యాపార ఆదాయం ఉందనుకుంటే, 2025-26 కొత్త శ్లాబుల్లో సెస్సు కాకుండా పన్ను 1.2 లక్షలు. అదే వ్యక్తి పాత విధానంలో ఉండి పీపీఎఫ్, ఎన్‌పీఎస్ కలిపి పూర్తిగా 2 లక్షల మినహాయింపు తీసుకున్నా 14 లక్షలపై 2,32,500 కట్టాలి. వృద్ధాప్య పొదుపుకిచ్చే మినహాయింపు ఒక్కదాని కోసం పాత విధానాన్ని పట్టుకుని ఉండడంలో అర్థం లేదని ఈ అంకెలే తేల్చి చెబుతున్నాయి. వ్యాపార ఆదాయం ఉన్నవారికి మరో చిక్కు కూడా ఉంది. జీతగాళ్ల మాదిరి ఏటా విధానం మార్చుకునే హక్కు వారికి లేదు. ఫారం 10-ఐఈఏ ఇచ్చి పాత విధానానికి వెళ్లి, తర్వాత కొత్తదానికి తిరిగి వస్తే, వ్యాపారం సాగినంత కాలం మళ్లీ పాతదానికి పోలేరు. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది, అందులో సెక్షన్ల నంబర్లు వేరు. ఇక్కడ వాడినవి వ్యాపారులకు, అకౌంటెంట్లకు అలవాటైన పాత నంబర్లే.

భార్యకు స్వంత ఆదాయం చూపించాలన్న ఆలోచన వచ్చినప్పుడు చాలామంది పట్టుకునే దారి, దుకాణం నుంచి ఆమెకు నెలకు 15 వేలో 20 వేలో జీతం రాయడం. ఇందులో రెండు పొరపాట్లు దాగి ఉన్నాయి. 44ఏడీ కింద ఆదాయం చూపేవారికి ఖర్చులన్నీ ఆ అంచనా శాతంలోనే ఇమిడిపోయినట్టు లెక్క, కనుక జీతాన్ని మళ్లీ విడిగా తీసివేయడానికి కుదరదు. రెండోది క్లబ్బింగ్ నిబంధన. ఒకరికి గణనీయమైన వాటా ఉన్న వ్యాపారం నుంచి జీవిత భాగస్వామికి వెళ్లే జీతం, కమీషన్, ఫీజు ఆ వ్యక్తి ఆదాయంలోనే కలుస్తాయి. దీనికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది. భార్యకు సాంకేతిక లేదా వృత్తిపరమైన అర్హత ఉండి, ఆ ఆదాయం కేవలం ఆ పరిజ్ఞానం వల్లనే వచ్చినదైతే అది ఆమెదే అవుతుంది. నక్కలగుట్టలో ఆసుపత్రి నడిపే డాక్టరు, ఫార్మసీ చదివిన తన భార్యకు మందుల విభాగం చూసినందుకు పద్దు పుస్తకాల ప్రకారం జీతం ఇస్తే అది నిలబడుతుంది. చదువుతో నిమిత్తం లేకుండా గల్లా చూసుకునే భార్యకు ఇచ్చే జీతం నిలబడదు. ఆమె పని ఏ మాత్రం తక్కువ కాదు, ఇంకా చెప్పాలంటే చాలా దుకాణాలు ఆమె లెక్క చూడబట్టే నిలబడ్డాయి, అయినా చట్టం దానిని ఆ కోణంలో చూడదు.

భాగస్వామ్య సంస్థ పెట్టి ఇద్దరూ భాగస్వాములవడం మరో దారి. పత్రంలో రాసుకున్న మేరకు పనిచేసే భాగస్వాములకు ప్రతిఫలం ఇవ్వవచ్చు. 2024-25 నుంచి మొదటి 6 లక్షల లాభంపై 3 లక్షలు లేదా 90 శాతం, ఏది ఎక్కువైతే అది, ఆ పైన 60 శాతం వరకు సంస్థకు ఖర్చుగా అనుమతి ఉంది. కానీ సంస్థ లాభంపై 30 శాతం పన్ను, వేరే రిటర్ను, 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 20 వేలు దాటిన చెల్లింపులపై 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే పన్ను) ఉన్నాయి. క్లబ్బింగ్ ప్రశ్న కూడా ఇక్కడితో పూర్తిగా తొలగిపోదు. చిన్న దుకాణానికి ఇంత బరువు అక్కర లేదు.

ఇంతకంటే తేలికైన, గట్టిగా నిలబడే మార్గం భార్యకు తనదంటూ ఒక వ్యాపార పద్దు ఉండడం. బట్టల దుకాణం వెనక బ్లౌజులు కుట్టే పని, ఫాల్స్, మగ్గం వర్క్, ఇంటి నుంచి పచ్చళ్లు, పిండివంటల అమ్మకం వంటివి ఆమె చేతిమీదుగానే సాగుతున్నప్పుడు, ఆ డబ్బు ఆమె స్వంత బ్యాంకు ఖాతాలో పడేలా వేరే క్యూఆర్ కోడ్ పెట్టుకోవడం, ఆమె పేరున రిటర్ను దాఖలు చేయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఆ ఆదాయం ఆమె శ్రమది, అది భర్త ఆదాయంలో కలవదు. ఆ ఖాతా నుంచి వెళ్లే పీపీఎఫ్, ఎన్‌పీఎస్ జమలు నిస్సందేహంగా ఆమెవే.

పన్ను పరిధికి దూరంగా ఉండే దంపతుల పరిస్థితి వేరు. వారికి మినహాయింపుల గొడవ లేదు, వయసు ఒక్కటే అడ్డు. అటల్ పెన్షన్ యోజనలో 18 నుంచి 40 ఏళ్ల మధ్యవారే చేరగలరు, 2022 అక్టోబరు 1 నుంచి ఆదాయపు పన్ను చెల్లించేవారికి ప్రవేశం లేదు. పన్ను సున్నాగా రిటర్ను వేసినంత మాత్రాన ఎవరూ పన్ను చెల్లించేవారు కారు, ఈ అనుమానంతో ఆగిపోనక్కర లేదు. 60 ఏళ్ల తర్వాత నెలకు 5 వేల పింఛను రావాలంటే 30 ఏళ్ల వయసులో చేరినవారు నెలకు 577 రూపాయలు, 25 ఏళ్లకు చేరినవారు 376 కట్టాలి. 40కి చేరితే అదే 1,454 అవుతుంది. 30 ఏళ్ల భర్త, 25 ఏళ్ల భార్య విడివిడిగా చేరితే ఇద్దరికీ కలిపి నెలకు 953 రూపాయలు. ఇద్దరూ ఉన్నంతకాలం నెలకు 10 వేలు వస్తాయి, ఒకరు పోయినా వారి పింఛను రెండోవారికి పూర్తిగా కొనసాగుతుంది. ఇద్దరి తర్వాత ఒక్కో ఖాతాకు 8.5 లక్షలు నామినీకి చేరతాయి. భర్త ఒక్కడే చేరి ఉంటే ఆమెకు మిగిలేది 5 వేలే. భార్యల వయసు సాధారణంగా భర్తల కంటే నాలుగైదేళ్లు తక్కువ కాబట్టి, భర్త 40 దాటి అర్హత కోల్పోయిన ఇళ్లలో కూడా భార్యకు తలుపు ఇంకా తెరిచే ఉండవచ్చు.

నెలసరి ఆదాయం 15 వేలకు లోపున్న అసంఘటిత కార్మికులకు 2019లో వచ్చిన శ్రమ యోగి మాన్‌ధన్, వార్షిక టర్నోవరు 1.5 కోట్లకు మించని చిన్న వ్యాపారులకు అదే ఏడాది వచ్చిన పథకం నెలకు 3 వేల పింఛను ఇస్తాయి. చేరిన వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయలు కడితే కేంద్రం అంతే కలుపుతుంది. ఇందులో సభ్యుని తర్వాత జీవిత భాగస్వామికి వచ్చేది సగం, అంటే 1,500 మాత్రమే. అటల్ పెన్షన్‌తో పోల్చినప్పుడు ఈ సగం సంగతి గుర్తుంచుకోవాలి. చేనేత కుటుంబాలకు రాష్ట్రం 2017లో మొదలుపెట్టిన పొదుపు నిధిలో నేతన్న తన కూలీలో 8 శాతం వేస్తే ప్రభుత్వం 16 శాతం కలిపే ఏర్పాటు ఉంది. అది గడువు తీరాక చేతికొచ్చే మొత్తమే తప్ప జీవితాంతం వచ్చే పింఛను కాదు. నిజానికి 30 ఏళ్ల తర్వాత వచ్చే 5 వేలు కూడా, ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే, ఇవాళ్టి 870 రూపాయలతో సమానం. ఈ పథకాలు పునాదికి పనికొస్తాయి, వాటినే నమ్ముకుని కూర్చోవడం ప్రమాదం.

మధ్యతరగతి దుకాణదారు దంపతులకు పీపీఎఫ్, ఎన్‌పీఎస్‌లలో ఏది ముందన్న ప్రశ్నకు, ముఖ్యంగా భార్య ఖాతా విషయంలో, పీపీఎఫ్‌నే ముందు పెట్టడం సబబు. కారణం వడ్డీ కాదు. 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం దగ్గరే ఉన్న పీపీఎఫ్ కంటే ఈక్విటీ ఉన్న ఎన్‌పీఎస్ దీర్ఘకాలంలో ఎక్కువ పెరిగే అవకాశం ఉంది. అసలు కారణం వ్యాపారంలో ఉండే అప్పు. క్యాష్ క్రెడిట్‌కైనా, ముద్రా రుణానికైనా, పెద్ద సేటు దగ్గర తెచ్చిన ఉద్దెరకైనా భార్య చేత జమానతు సంతకం పెట్టించడం మామూలే. వ్యాపారం దెబ్బతింటే ఇల్లు, ప్లాటు, డిపాజిట్లు అన్నీ బాకీ కిందికి వస్తాయి. పీపీఎఫ్ నిల్వను మాత్రం ఖాతాదారు అప్పుల విషయంలో ఏ కోర్టు డిక్రీ కిందా జప్తు చేయరాదని ఆ పథకపు నిబంధనల్లోనే ఉంది. ఏటా 60 వేల చొప్పున, ఏప్రిల్ 5లోపు వేస్తూ పోతే, ఇదే వడ్డీ కొనసాగితే 15 ఏళ్లకు సుమారు 16 లక్షలవుతుంది. గడువు తీరాక ఐదేసి ఏళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. ఖాతా తెరిచిన ఆర్థిక సంవత్సరం ముగింపు నుంచే గడువు నడుస్తుంది కనుక, ఇప్పుడు 500 తప్ప వేయలేని స్థితిలో ఉన్నా తెరిచి ఉంచడం మేలు.

ఎన్‌పీఎస్ నిబంధనలు 2025 డిసెంబరులో గణనీయంగా మారాయి. ప్రభుత్వేతర చందాదారులు 60 ఏళ్లకు 80 శాతం వరకు ఒకేసారి తీసుకోవచ్చు, 20 శాతంతో యాన్యుటీ (జీవితాంతం పింఛను ఇచ్చే బీమా పథకం) కొనాలి, మొత్తం 8 లక్షలకు మించకపోతే అంతా తీసుకోవచ్చు. అయితే ఒకేసారి తీసుకున్న దానికి పన్ను మినహాయింపు 1961 చట్టంలో రాసి ఉన్నది 60 శాతానికే, ఆ మిగతా 20 శాతం తీసే ముందు అప్పటి చట్టం చూసుకోవాలి. యాన్యుటీ ఎంపికలో దంపతులు చూడవలసింది నెలనెలా వచ్చే అంకె కాదు. భర్త బతికున్నంత కాలమే వచ్చే యాన్యుటీ ఎక్కువ మొత్తం చూపిస్తుంది. భార్యకు కూడా 100 శాతం కొనసాగి, ఇద్దరి తర్వాత కొన్న సొమ్ము పిల్లలకు వచ్చే రకం తక్కువ చూపిస్తుంది. వయసులో చిన్నదైన భార్య చాలా ఏళ్లు ఒంటరిగా గడపవలసి రావచ్చన్నది లెక్కలో ఉంటే రెండోదే ఎంచుకోవలసినది.

నెలనెలా సమానంగా వేయడం వ్యాపారులకు సాధ్యం కాదు. ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి దిగే ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో అడ్తిదారుకు చేతినిండా పని ఉంటుంది, బట్టల వ్యాపారికి బతుకమ్మ, దసరా, పెళ్లి ముహూర్తాలు కావాలి, రెండేళ్లకోసారి మేడారం జాతర వరంగల్ బజారుకు ఊపు తెస్తుంది. పీపీఎఫ్, ఎన్‌పీఎస్ రెండింటిలోనూ డబ్బు వచ్చినప్పుడు వేసుకోవచ్చు. అటల్ పెన్షన్‌లో నెలకు బదులు మూడు నెలలకో ఆరు నెలలకో ఒకసారి కట్టే వీలుంది. సీజన్ ముగిసి పాత బాకీలు వసూలైన వారంలోనే రెండు ఖాతాల్లోనూ జమ చేయాలి, తర్వాతి సరుకు బిల్లు వచ్చేదాకా ఆగితే ఆ డబ్బు మిగలదు.

60 దాటాక ఈ రెండు ఖాతాల ప్రయోజనం మరో చోట బయటపడుతుంది. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో 2023 ఏప్రిల్ నుంచి ఒక్కొక్కరు 30 లక్షల వరకు వేయవచ్చు. అప్పటినుంచి ఉన్న 8.2 శాతం వడ్డీ ప్రకారం 30 లక్షలపై ప్రతి మూడు నెలలకు 61,500 వస్తుంది. భార్యాభర్తలు ఇద్దరూ విడివిడిగా తెరవవచ్చు, కానీ ఈ వడ్డీకి పన్ను ఉంది. దుకాణం అమ్మగా వచ్చిన సొమ్మును భర్త తీసి భార్య పేరున వేస్తే ఆ వడ్డీ క్లబ్బింగ్ కింద భర్త ఆదాయంలోనే కలుస్తుంది. ఆమె కుట్టుపని ఆదాయంతో నింపిన పీపీఎఫ్ నుంచి వచ్చిన మొత్తాన్ని వేస్తే ఆ వడ్డీ ఆమెదే, పన్ను లెక్క ఆమె రిటర్నులోనే తేలుతుంది. భర్త వేసిన డబ్బుకూ ఆమె వేసిన డబ్బుకూ తేడా చూపగలిగేవి బ్యాంకు స్టేట్‌మెంట్లు, పాస్‌బుక్కులే. అందుకే మొదటి జమ రోజు నుంచీ వాటిని భార్య పేరున వేరే ఫైలులో భద్రపరచాలి.